మోటుపల్లి రేవు గుర్తుగా ఓరుగల్లులో పెద్ద ఓడ శిల్పం పెడితే ఎట్లుంటది?

ఓరుగల్లు_పోరడు
ఏ చౌరస్తా చూసినా అదే కాకతీయ తోరణం. ఫైబర్‌ది ఒకటి, సిమెంటుది ఒకటి, అపార్ట్‌మెంట్ గేటుకు ఇంకొకటి. తోరణం మీద నాకు కోపం లేదు. కోటలో అసలు తోరణాల కింద నిలబడితే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ కాకతీయులంటే అదొక్కటేనా? గణపతిదేవుడు తీరాంధ్ర గెలిచి మోటుపల్లి రేవును చేతిలోకి తెచ్చుకున్నాడు. 1244లో అక్కడ సముద్ర వర్తకుల కోసం అభయ శాసనం వేయించాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, పగడాలు, పట్టు దిగిన రేవు అది. ఈ ఊరి వైభవంలో ఆ రేవుకు పెద్ద భాగమే ఉంది. అయినా ఆ సంగతి చెప్పే గుర్తు నాకు ఇక్కడ ఒక్క కూడలిలోనూ కనపడలేదు. భద్రకాళి చెరువు దగ్గర ఆరుబయట, దూరం నుంచే కనపడేలా ముప్పై నలభై అడుగుల ఓడ శిల్పం ఉంటే బాగుంటుందని నా ఆలోచన. ఏమంటారు?

హంటర్‌రోడ్డు_అక్క
ముందు నాలాల సంగతి చూడాలి తమ్మీ. 2020 ఆగస్టులో మా గల్లీలో మనుషులను పడవల్లో బయటికి తెచ్చారు. పడవ అంటే మాకు ఇప్పటికీ అదే గుర్తు. బొమ్మకు పెట్టే పైసలు ఆ పనికి పెడితే దండం పెడతా.

మేనేరు_గట్టు
సముద్రం లేని ఊర్లో ఓడేంది అన్నా? మోటుపల్లిలో పెట్టమనండి. అది బాపట్ల జిల్లాలో ఉంది, మనకు 250 కిలోమీటర్ల పైనే.

ఓరుగల్లు_పోరడు
@మేనేరు_గట్టు రేవు అక్కడే. కానీ ఆ శాసనం వేయించిన రాజు ఉన్నది ఇక్కడ. సరుకు చివరికి చేరింది ఇక్కడి అంగళ్లకు. రామప్ప కట్టినోళ్లకు, వేయి స్తంభాల గుడి కట్టినోళ్లకు సముద్రంతో పని లేదనుకుంటే చరిత్ర సగమే తెలిసినట్టు.
@హంటర్‌రోడ్డు_అక్క నాలాలు కావాలి అక్కా, కాదనను. కానీ రెండూ ఒకే సంచిలోంచి రావు కదా.

పోచమ్మమైదాన్
మన బాలసముద్రం కాలనీలో పెడదాం, పేరులోనైనా సముద్రం ఉంది 😄

శాసనాల_పిచ్చి
శాసనం మాట వచ్చింది కాబట్టి అందులో ఏముందో ముందు చెప్తా, తర్వాత బొమ్మ సంగతి.

మోటుపల్లి వీరభద్రస్వామి గుడి దగ్గరి స్తంభం మీద ఉంది ఆ శాసనం. కొంత సంస్కృతం, కొంత తెలుగు. ఆ కాలంలో తుఫానుకు చిక్కి, పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా ఏ నేల మీద పడితే ఆ నేల రాజు లాక్కునేవాడు. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పోయేవి. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు. ప్రాణం కంటే ధనమే ఎక్కువ అనుకుని సముద్రం మీదికి వచ్చే వాళ్ల మీద దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేస్తున్నామని చెప్పించాడు. ఆ సుంకం ముప్పైకి ఒక వంతు. వచ్చే సరుకుకూ అంతే, పోయే సరుకుకూ అంతే. తర్వాత తెలుగులో సరుకుల వారీగా లెక్క ఉంటుంది. చందనం, చీనా కర్పూరం, పన్నీరు, దంతం, రాగి, సీసం, మిరియాలు, పోకచెక్కలు, ఇట్లా.

నా మాట ఏంటంటే, ఇందులో ఓడ ఎట్లుందో లేదు. ఎన్ని తెరచాపలు, ముక్కు ఎట్లుంది, ఏమీ లేదు. ఉన్నది ఒక మాట ఇవ్వడం. మన శిల్పి ఊహించి ఓడ చెక్కితే అది ఏ దేశం ఓడ అయినా కావచ్చు. సినిమా సెట్టింగులో పైరేట్ల ఓడ లాగా వస్తుందని నా భయం.

మేనేరు_గట్టు
రూపం కావాలంటే శాతవాహనుల నాణెం ఉంది కదా. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాపకొయ్యల ఓడ స్పష్టంగా కనపడుతుంది. శాతవాహనుల తొలి నాణేలు దొరికిన కోటిలింగాల మన జగిత్యాల జిల్లాలోనే ఉంది. ఆ ఓడనే పెద్దగా చేయించొచ్చు.

శాసనాల_పిచ్చి
@మేనేరు_గట్టు ఓడ నాణేలు ఎక్కువగా దొరికింది కోస్తాలో. పైగా యజ్ఞశ్రీకి, గణపతిదేవుడికి మధ్య వెయ్యేళ్ల పైమాటే. ఆ ఓడ తెచ్చి కాకతీయులదని రాస్తే పిల్లలకు తప్పు నేర్పినట్టు. కోటిలింగాలలో పెడితే కొంత నప్పుతుంది, దానికి నేనూ చెయ్యెత్తుతా.

విశాఖ_అల
పుట్టింది హన్మకొండలో, ఉంటున్నది వైజాగ్‌లో. ఇక్కడ బీచ్ రోడ్డు మీద కురుసుర సబ్‌మెరైన్ ఉంది కదా, 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి 2002లో మ్యూజియం అయింది. అది బొమ్మ కాదు, అసలుది. అందుకే ఊరోళ్లకు దాని మీద అంత ప్రేమ. మా వీధిలో రిటైరైన నేవీ పెద్దాయన ఒకరు ఉన్నారు, చుట్టాలొస్తే ముందు అక్కడికే తీసుకెళ్తారు. ఓరుగల్లులో పెట్టే దానికి కూడా ఊరితో అట్లాంటి లంకె కావాలి. లేకపోతే రెండేళ్లకు రంగు పోయి, మెడలో ఫ్లెక్సీలు వేలాడతాయి.

పోచమ్మమైదాన్
ఫ్లెక్సీకి రెండేళ్లు ఎందుకు, ప్రారంభోత్సవం నాడే కడతారు.

గోదారి_ఒడ్డు
అందరూ సముద్రం సముద్రం అంటున్నారు. మాది మహదేవపూర్ వైపు. మా దిక్కు నీళ్ల చరిత్ర ఎవరికీ పట్టదు. పుట్టి, నాటుపడవ, తెప్ప, ఇవి కదా మన ఓడలు? టేకు దుంగలు తెప్పలుగా కట్టి గోదారి మీద కిందికి, రాజమండ్రి దాకా తోలేవాళ్లు. తెల్లోళ్లు 1860లలో ఈ నది మీద స్టీమర్లు నడపాలని దుమ్ముగూడెం దగ్గర, ఇంచంపల్లి దగ్గర బండరాళ్ల అడ్డంకులు దాటేందుకు పనులు మొదలుపెట్టారు. విదర్భ వైపు బేరార్ పత్తి సముద్రానికి చేర్చాలని వాళ్ల లెక్క. ఖర్చు మోయలేక 1871లో ఆపేశారు. ఆ కట్టడాల మీద రాళ్లు మోసింది మా తాతముత్తాతల తరం కూలోళ్లే. శిల్పం పెడితే ఒక గంగపుత్రుడు పుట్టిలో నిలబడి వల విసురుతున్నట్టు కాళేశ్వరం ఒడ్డున పెట్టాలి. రాజుల పేరు మీద చాలా ఉన్నాయి.

మేనేరు_గట్టు
+1. ఇది నాకు నచ్చింది.

ఓరుగల్లు_పోరడు
@గోదారి_ఒడ్డు అన్నా, కాళేశ్వరంలో అది తప్పకుండా ఉండాలి. దానికి వేరే థ్రెడ్ తెరవండి, నేను మొదటి రిప్లై పెడతా. కానీ దానికోసం దీన్ని వదులుకోవాల్నా?

జగిత్యాల_టు_దుబాయ్
డేరా క్రీక్ ఒడ్డున ఇప్పటికీ ధౌ అనే చెక్క సరుకు ఓడలు కట్టేసి ఉంటాయి. నేను పనిచేసే గోదాం అక్కడికి దగ్గరే. ఫ్రిజ్‌లు, టైర్లు, బియ్యం మూటలు మనుషులే భుజాల మీద ఎక్కిస్తారు. టూరిస్టులు ఓడను ఫోటో తీసుకుంటారు. నా కళ్లు మాత్రం ఎప్పుడూ ఆ మూటల మీదే ఉంటాయి. ఎవరి సరుకు, ఎక్కడికి పోతుంది, అక్కడ ఎవరు విప్పుతారు అని. మా నాన్న తరం వాళ్లు బొంబాయి పోయి ఓడెక్కి గల్ఫ్ వచ్చారు. మా ఊర్లో ప్రతి ఇంటికీ ఒక సముద్రం కథ ఉంది. "సముద్రం లేని ఊరు" అంటే నేను ఒప్పుకోను.

హంటర్‌రోడ్డు_అక్క
@జగిత్యాల_టు_దుబాయ్ బాగా చెప్పినవ్ తమ్మీ.

సివిల్_సైటు
జాగా గురించి ఎవరూ మాట్లాడట్లేదు, కాబట్టి నేను మాట్లాడతా. సైటు ఇంజినీరుగా చెప్తున్నా.

భద్రకాళి చెరువు కట్ట మీద ఏ బరువూ పెట్టొద్దు. అది మట్టి కట్ట. దానిలోకి పైల్స్ (లోతైన పునాది స్తంభాలు) దింపితే నీళ్లకు దారి చూపించినట్టే. ముందు చెమ్మ, తర్వాత ఊట, ఆ తర్వాత మనం ఆపలేం. చెరువు లోపల అంటారా, అడుగంతా మెత్తటి పూడిక మట్టి, గట్టి నేల తగిలేదాకా దిగాలి. నీళ్ల మధ్య బరువు దింపడం ఎంత కష్టమో మన రాష్ట్రానికి తెలుసు. హుస్సేన్‌సాగర్ బుద్ధుడు వందల టన్నుల ఒంటిరాయి. 1990 మార్చి 10న బల్లకట్టు మీద తీసుకుపోతుంటే ఒరిగి మునిగింది, మనుషుల ప్రాణాలు పోయాయి. విగ్రహం పైకి లేచి నిలబడింది 1992 డిసెంబర్ 1న. ఆ పని చేసినోళ్లు తెలివితక్కువోళ్లు కాదు. నీళ్ల మీద బరువు అట్లనే ఉంటది.

ఇక నలభై అడుగుల ఓడ. తెరచాప అంటే గాలికి అడ్డంగా నిలబెట్టిన గోడ. ఏప్రిల్, మే గాలిదుమారాల్లో హోర్డింగులు ఎట్లా కూలుతున్నాయో చూస్తున్నాం. చేయాలంటే తెరచాపను జల్లెడలా రంధ్రాలతో చేయాలి, గాలి దూరిపోవాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే 304 రకం సరిపోతుంది. ఉప్పుగాలి తగిలే వైజాగ్‌లో అయితే 316 వాడాలి, అది ఖరీదు. తుప్పు రంగు స్టీల్ అని ఈమధ్య ఫ్యాషన్ అయింది, దాని వానచుక్కలు కింది బండలను ఎర్రగా చేస్తాయి, ముందే కాలువ పెట్టుకోవాలి.

కోట దగ్గర అసలు కుదరదు. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతి మీదే.

పోచమ్మమైదాన్
అన్న ఒక్క పోస్టుతో ఓడ ముంచేసిండు.

విశాఖ_అల
సివిల్ అన్న చెప్పిందంతా నిజం. కానీ ఎత్తు అవసరం అని నా అభిప్రాయం. స్కాట్లాండ్‌లో ఫాల్కిర్క్ దగ్గర కాలువ పక్కన రెండు గుర్రం తలలు ఉన్నాయి, 30 మీటర్ల ఎత్తు, స్టీల్‌వి, 2013లో నిలబెట్టారు. వాటి పేరు కెల్పీస్. అక్కడి కాలువల్లో పడవలను లాగింది గుర్రాలే. అందుకే పడవ చేయలేదు, పడవను లాగిన జీవాన్ని చేశారు. మోటుపల్లి శాసనంలో గుర్రాల మాట ఉందని పైన చదివాం. కాకతీయుల సైన్యానికి గుర్రాలు సముద్రం మీద కూడా వచ్చేవి. నీళ్లలోంచి ఒడ్డెక్కుతున్న గుర్రం అయితే?

శాసనాల_పిచ్చి
గుర్రం ఓడ కంటే నయం. కానీ ఊర్లో గుర్రం మీద రాణి విగ్రహం అంటే అందరికీ అలవాటైన బొమ్మ. దాన్ని చూసి మోటుపల్లి ఎవరికీ తట్టదు.

కొత్తవాడ_మగ్గం
మాది జంపఖానాలు నేసే ఇల్లు. 1851లో లండన్ ఎగ్జిబిషన్‌కు వరంగల్ తివాచీలు పోయాయని మా పెద్దలు గొప్పగా చెప్పుకునేవాళ్లు. అంతకు ఎన్నో ముందే మార్కో పోలో మోటుపల్లి రాజ్యం గురించి రాస్తూ సాలెగూడు లాంటి సన్నటి నూలుబట్ట అక్కడ దొరుకుతుందన్నాడు, పాలించే రాణి న్యాయం తెలిసినదని పొగిడాడు. ఆ రాణి మన రుద్రమదేవే అంటారు.

నాకు తోచింది చెప్తా. దుబాయ్ తమ్ముడు మూటల మీద కళ్లు అన్నాడు చూడండి, నాకు అదే పట్టుకుంది. ఓరుగల్లు జనం ఓడను చూడలేదు. ఎడ్లబండి మీద వచ్చిన మూటను చూశారు. ఇక్కడి నుంచి పోయింది కూడా మూటే. మా ఇంట్లో జంపఖానాలు ట్రాన్స్‌పోర్టుకు వేసేముందు గోనెపట్టా చుట్టి, పురికోస అడ్డంగా నిలువుగా బిగించి, సూదితో కుడతారు. ఆ మూటకు ఒక అందం ఉంటుంది, మడత దగ్గర ఉబ్బు, తాడు దిగిన గాడి. రాయిలో చెక్కితే ఎంత బాగుంటుంది! ఓడ వద్దు, మూటలు చెక్కండి.

రాళ్ల_లారీ
ఆగండాగండి. శాసనంలో ముప్పైకి ఒకటి అన్నారు కదా?

ముప్పై రాళ్లు పెడదాం. ముప్పై మూటలు. ఇరవై తొమ్మిది ఒక రంగు, ఒకటి వేరే రంగు. ఆ ఒక్కటి రాజుది, మిగతాదంతా వర్తకుడిది.

మా బండ్లు కరీంనగర్ క్వారీల నుంచి టాన్ బ్రౌన్ గ్రానైట్ దిమ్మెలు రైల్వే యార్డుకు తోలుతాయి. అక్కడి నుంచి వ్యాగన్ల మీద కాకినాడ రేవుకు, అక్కడ ఓడెక్కి చైనాకు. మన రాయి ఇప్పటికీ సముద్రం దాటుతూనే ఉంది. ఆ ఇరవై తొమ్మిదీ టాన్ బ్రౌన్‌తో చేద్దాం, ఒక్కటి మన గుళ్లలో మెరిసే నల్లరాయితో. ఘనమీటరు గ్రానైట్ 2.7 టన్నుల దాకా తూగుతుంది. మూట ఒక ఘనమీటరు అనుకుంటే ముప్పైకి 81 టన్నులు. ఒక్కొక్కటి ఒక్కొక్క పనోడికి ఇవ్వొచ్చు. పెద్ద క్రేన్ అక్కర్లేదు, గాలి టెన్షన్ లేదు, తుప్పు లేదు.

ఓరుగల్లు_పోరడు
ఇది చదివి నేను కుర్చీలోంచి లేచిన.

జగిత్యాల_టు_దుబాయ్
పిల్లలు ఎక్కి కూర్చుంటారు, లెక్కపెడతారు. "ఇది ఒక్కటే నల్లగా ఎందుకుంది" అని అడుగుతారు. అడిగితే చాలు.

సివిల్_సైటు
@రాళ్ల_లారీ ఇది కట్టొచ్చు. కట్టకు దూరంగా గట్టి నేల మీద, అన్నిటి కింద పలకలా ఒకే రాఫ్ట్ పునాది. రామప్ప లాగా ఇసుక పునాది అని మాత్రం ఎవరూ అనకండి, దానికి చుట్టూ కదలకుండా బంధం ఉండాలి. మూటలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే లోపల స్టీల్ డోవెల్స్ (రాళ్లను కలిపే కడ్డీలు) వేయాలి, పిల్లలు ఎక్కుతారు కాబట్టి.

విశాఖ_అల
నాకు ఇంకా సంతృప్తి లేదు. దూరం నుంచి చూస్తే అది పని ఆగిపోయిన సైటులో మిగిలిన రాళ్ల కుప్పలా ఉంటుంది. పెద్ద శిల్పం కావాలని మొదలుపెట్టి చివరికి కుర్చీల ఎత్తుకు దిగామా?

కొత్తవాడ_మగ్గం
@విశాఖ_అల కుప్పగా ఎందుకు పెడతాం? ఓడ అడుగుభాగం ఆకారంలో నేల మీద వరుసగా పేర్చొచ్చు. ముందు సన్నగా, నడుమ వెడల్పుగా. రాళ్ల మధ్య నడిచేవాడికి మూటలు, కొంచెం ఎత్తు నుంచి చూసేవాడికి ఓడ. పొడవు నూరడుగులు ఉన్నా ఎవరూ వద్దనరు.

పెంబర్తి_రేకు
ఆ ఒక్క మూట నల్లరాయి ఎందుకు, ఇత్తడి చేయండి. మా దగ్గర రేకును లక్క మీద పరిచి వెనక నుంచి కొట్టి బొమ్మ తేలుస్తారు. చందనం చెట్టు, ముత్యం, మిరియాల గుత్తి, ఏనుగు దంతం అన్నీ ఆ ఒక్క మూట మీద చూపించొచ్చు. రాజు వాటా కదా, వెలగాలి.

పోచమ్మమైదాన్
ఇత్తడి అయితే తెల్లారేసరికి పాత సామాన్ల దుకాణంలో వెలుగుతది అన్నా.

పెంబర్తి_రేకు
లోపల నుంచి బోల్టులు వేస్తే పీకడం అంత తేలిక కాదు. రేకు మందం పెంచుతాం. దొంగల భయానికి పనితనం మానేస్తే ఈ చేతిపని ఇంకెక్కడ బతుకుతుంది?

హంటర్‌రోడ్డు_అక్క
మళ్లీ వచ్చిన. రాత్రి మొత్తం థ్రెడ్ చదివిన.

వరద తీశాక మేము ఇంటికి వచ్చేసరికి సిలిండర్ లేదు, మిక్సీ లేదు, బీరువా తలుపు వంచి ఉంది. నీళ్లు చేసిన నష్టం కంటే అదే ఎక్కువ బాధ పెట్టింది. ఎవరు చేశారో ఇప్పటికీ తెలియదు. తుఫానులో చిక్కినోడి సొత్తు ముట్టుకోవద్దని ఈ ఊరి రాజు దాదాపు ఎనిమిది వందల ఏళ్ల కింద రాయి మీద రాయించాడని నాకు ఇన్నేళ్లు ఎవరూ చెప్పలేదు. స్కూల్లో చెప్పలేదు, కోటలో గైడు చెప్పలేదు. ఆ మాట పెద్ద అక్షరాలతో, అందరికీ అర్థమయ్యే తెలుగులో, నా కంటి ఎత్తులో ఉండాలి. అది ఉంటే మూటలైనా సరే, ఓడైనా సరే, నేను చందా ఇస్తా. నాలాల గురించి అడగడం మాత్రం ఆపను.

ఓరుగల్లు_పోరడు
అక్కా, ఆపొద్దు. ఆ అర్జీ మీద నా సంతకం కూడా పెట్టు.

గోదారి_ఒడ్డు
అక్క చెప్పిందే అసలు సంగతి. రాజు బొమ్మ లేకుండా రాజు ఇచ్చిన మాట ఉంటే నాకూ అభ్యంతరం లేదు. మొరంచపల్లి మునిగినప్పుడు 2023 జులైలో చూసినం, నీళ్లొస్తే మనిషికి మనిషి చేసే సాయమే మిగులుతది. కాళేశ్వరం పుట్టి సంగతి మరిచిపోవద్దు.

శాసనాల_పిచ్చి
సరుకుల పేర్లు ఒక్కో మూట మీద ఒక్కోటి చెక్కిద్దాం. శాసనంలో ఉన్నవే, మనం కల్పించినవి వద్దు. అసలు లిపిలో ఒక పంక్తి, కింద ఇప్పటి లిపిలో అదే పంక్తి.

మేనేరు_గట్టు
నేను మొదట అన్న దాని మీదే ఉన్నా. మోటుపల్లిని వదిలేసి ఇక్కడొక్కచోటే పెడితే అన్యాయం. రాజు వాటా ఒకటి కదా, రాజధానికి వచ్చింది అంతే కదా. ఆ ఒక్క మూట ఇక్కడ పెట్టండి. ఇరవై తొమ్మిది మోటుపల్లి ఒడ్డున పెట్టండి.

పోచమ్మమైదాన్
😳

విశాఖ_అల
అబ్బా! ఇది మాత్రం ఎక్కడా లేని శిల్పం అవుతుంది. ఒకే బొమ్మ, 250 కిలోమీటర్ల పొడవు. నేను ఎత్తు గురించి ఇక మాట్లాడను.

రాళ్ల_లారీ
నేను ఒప్పుకోను. ఒక్క రాయి పెడితే మన జనానికి ఏం అర్థమవుతుంది? పిల్లలు ఏం లెక్కపెడతారు? ముప్పై ఒకచోట ఉంటేనే ఆ ఒకటి ఎంత తక్కువో కంటికి తెలుస్తుంది.

కొత్తవాడ_మగ్గం
రాళ్ల_లారీ అన్నదే నిజం. పైగా మా మూటలు ఇక్కడి నుంచి పోయినవి. పోయే సరుకుకు కూడా ముప్పైకి ఒకటే అని శాసనాల అన్న చెప్పిండు కదా. ఇక్కడ ముప్పై, అక్కడ ముప్పై పెట్టండి.

సివిల్_సైటు
రెండు రాష్ట్రాలు, రెండు అనుమతులు. ముందు ఒకచోట తెమలనివ్వండి.

మేనేరు_గట్టు
అదే భయం నాకు. ఒకచోట తెమిలాక రెండోది ఎవరూ పట్టించుకోరు.

ఓరుగల్లు_పోరడు
సరే, పని పంచుకుందాం, రాళ్లు ఎన్ని ఎక్కడ అన్నది ఇక్కడే కొట్లాడుతూ ఉందాం. శాసనాల అన్న పూర్తి పాఠం టైపు చేసి పెట్టు. సివిల్ అన్న, కట్టకు దూరంగా ఏ జాగా పనికొస్తుందో మ్యాప్ మీద గుర్తు పెట్టు. మగ్గం అన్న, నిజమైన మూట నాలుగు వైపుల ఫోటోలు కావాలి, తాడు గాడి కనపడాలి. అక్కా, కంటి ఎత్తులో ఉండాల్సిన ఆ నాలుగు ముక్కలు నువ్వే రాయి.

హంటర్‌రోడ్డు_అక్క
రాస్తా. అందులో రాజు పేరు ఒక్కసారే వస్తది.

రాళ్ల_లారీ
నల్లరాయి దిమ్మె ఒకటి యార్డులో చూసిన, మచ్చ లేదు. సైజు చెప్పండి, అమ్మకుండా ఆపమని ఓనర్‌ను అడుగుతా.